పరామర్శకు రాని మనిషి

“బూట్లు విప్పండి అత్తమ్మా.”

శ్రావ్య తలుపుకు వీపు ఆనించి నిలబడింది. రత్నకుమారి విప్పలేదు. చీర మీద కొడుకు వానకోటు వేసుకుంది. చేతులు పొడుగైతే మడిచి పెట్టుకుంది.

“రమ్మని నువ్వే బతిమాలితివి ఇన్ని దినాలు. బయటికి రండి, గాలి తగుల్తది అంటివి. ఇయ్యాల వస్తనంటే తలుపుకు అడ్డం పడుతున్నవ్.”

“ఎందుకొస్తున్నారో తెలుసు కాబట్టి.”

“మ్యూజియం సూడనీకె.”

“ఏడాది తిరగకుండా గుడికి కూడా పోవద్దన్నారు మీరే.”

“గుడికి పోవద్దు. మ్యూజియంల దేవుడుండడు గద.”

వంటింట్లోంచి ఆద్య నీళ్ళ సీసా తెచ్చుకుని, ఇద్దరి మధ్యలోంచి తల పైకెత్తి చూసింది. “మామా, వెళ్ళట్లేదా?” అమ్మను మామా అని, నాన్నను పాపా అని పిలవడం జర్మన్ బడిలో అలవాటైంది ఆ పిల్లకు.

“జుట్టు దువ్వుకో పో” అంది శ్రావ్య. పిల్ల వెళ్ళేదాకా ఆగింది. తర్వాత గొంతు తగ్గించింది.

“కమలాకర్ అన్నను మీరు ఇవాళ ఏమీ అడగనని మాటిస్తే తీసుకెళ్తా.”

రత్నకుమారి కోటు గుండీలు పెట్టుకుంది.

పోయిన ఆదివారం కమలాకర్ భార్య భానుప్రియ ఫోన్ చేసినప్పటి నుంచి ఆ ఇంట్లో ఇదే పంతం. స్పీకర్లో పెట్టి మాట్లాడుతుంటే భానుప్రియ నవ్వుతూనే అంది, “మా ఆయన ముక్కు చచ్చిపోయింది శ్రావ్యా, కూర మాడి బొగ్గైనా తెలీదు” అని. ఆ మాట విని రత్నకుమారి తరుగుతున్న బెండకాయలు వదిలేసి లేచింది. ఆ పూట అన్నం తినలేదు.

“వ్రతం దినం కేసరి మాడింది” అంది ఇప్పుడు. “యాదికుందా లేదా నీకు? ఇల్లంత పొగ. నువ్వు, నేను, శ్రీచరణ్ ముగ్గురం పొయ్యి కాడికి ఉరికినం. పొయ్యి పక్కనే పీట మీద కూసున్న మనిషి కదల్లే. కథ సదువుతనే ఉన్నడు.”

“భక్తి అనుకున్నాం కదా.”

“నేను గూడ గదే అనుకున్న. నిన్న మొన్నటి దాక గదే అనుకున్న. ఎంత నిష్ఠ ఈ పిలగానికి అని ఊర్లె మా అక్కకు ఫోన్ జేసి గూడ జెప్పిన.”

కార్తీకమాసపు ఆదివారం అది. సత్యనారాయణ వ్రతం చేయించడానికి కమలాకర్ డార్మ్‌స్టాట్ నుంచి ఒక్కడే కారు వేసుకుని వచ్చాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేరే అయినా మంత్రాలు వచ్చు. అందుకని చుట్టుపక్కల తెలుగువాళ్ళకు అతనే పంతులు. కథ అయ్యాక తన చేత్తోనే అందరికీ ప్రసాదం పెట్టాడు. ప్రసాదం వద్దనకూడదు. ఎవరూ వద్దనలేదు. మరుసటి వారానికి రత్నకుమారి కొడుకు శ్రీచరణ్‌కు దగ్గు మొదలైంది, కరోనా అన్నారు. డిసెంబరు నెలాఖరుకు ఆ ఇంట్లో శ్రీచరణ్ లేడు.

“ఆయనకు తెలియకపోయి ఉండొచ్చు అత్తమ్మా. ముక్కు పోయింది వ్రతానికి ముందో, తర్వాతో.”

“అందుకే అడుగుత.”

“అడగొద్దు.”

“ఎందుకు?”

“చెప్తాడేమోనని.”

రత్నకుమారి కోడలి మొహంలోకి చూసింది.

“సోమవారం ఆయన ఆఫీసులో నేను సంతకం పెట్టాలి. రోజూ ఆయన టీమ్‌లో కూర్చుని పని చేయాలి. ఉద్యోగం ఉంటేనే మనం ఇక్కడ ఉండే పర్మిట్ పొడిగిస్తారు, లేకపోతే డిసెంబరుతో సరి. ఆద్యను తీసుకుని విమానం ఎక్కాల్సిందే. శ్రీచరణ్ బూడిద ఇక్కడి మట్టిలో ఉంది. డార్మ్‌స్టాట్ నుంచైతే నెలకోసారి రైలెక్కి వస్తాను. జగిత్యాల నుంచి ఎట్ల రావాలి?” శ్రావ్య ఊపిరి తీసుకుంది. “నాకు తెలుసుకోవాలని లేదు. తెలిస్తే ఆ పని నేను చేయలేను. సోమవారం దాటనివ్వండి. తర్వాత మీరు ఉరి తీసినా నేను అడ్డురాను.”

రత్నకుమారి వంగి బూటు తాడు మళ్ళీ బిగించి కట్టుకుంది.

“బస్సు పోతది” అంది.

*

బస్సు అడవి మధ్యగా దిగువకు పోతుంటే అత్తాకోడళ్ళు వేర్వేరు సీట్లలో కూర్చున్నారు. మధ్యలో ఒక సీటు ఖాళీగా వదలమని అంటించిన కాగితం ఆ రోజు వాళ్ళకు కలిసొచ్చింది.

జగిత్యాలలో రత్నకుమారి బట్టల దుకాణం నడిపింది. బేరానికి వచ్చినవాణ్ణి ముందే ధర అడిగితే పారిపోతాడు. తానులన్నీ పరిచి, చల్లటి నీళ్ళిచ్చి, మాట కలిపి, వాడు తనంతట తాను చెయ్యి చాపేదాకా ఆగాలి. కమలాకర్ విషయంలోనూ అంతే చేయాలనుకుంది. కోపంతో అరిస్తే వాడు చేతులు జోడించి తప్పుకుపోతాడు. శపించాలన్నా తన నోటితో వాడు ఒక్క మాట చెప్పాలి. ఆ మాట వినకుండా శాపం కూడా నోట్లోంచి రాదు ఆమెకు.

కమలాకర్ ఇంటికి వస్తానని అనలేదు. బస్సు దిగే చిన్న ఊళ్ళో పాత మందుల దుకాణం వాళ్ళ ఇల్లు ఒకటి ఉందని, మూడు వందల ఏళ్ళనాటిదని, మ్యూజియంగా ఇప్పుడిప్పుడే మళ్ళీ తెరిచారని, అందరికీ తనే టెర్మిన్, అంటే వెళ్ళే టైము, బుక్ చేశానని మెసేజ్ పెట్టాడు. ఇంట్లో అయితే గోడ మీద శ్రీచరణ్ ఫోటో ఉంటుంది.

కమలాకర్, భానుప్రియ గేటు దగ్గరే ఉన్నారు. కమలాకర్ దూరం నుంచే చేతులు జోడించాడు.

“పిన్నిగారూ! మీరొస్తారనుకోలేదండీ. చాలా సంతోషం.”

అతని చూపు ఆమె వేసుకున్న కోటు మీద పడి, అక్కణ్ణుంచి పక్కకు జరిగింది.

భానుప్రియ మాత్రం దూరాలు మరిచిపోయి దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. “ఎలా ఉన్నారు పిన్నిగారూ? సన్నబడిపోయారు. ఇండియా వెళ్ళే దారి లేదు కదా, మేము పిచ్చోళ్ళలా ఈ దేశంలో పాత ఇళ్ళన్నీ చూసేస్తున్నాం. పోయిన వారం ఒక కోట, అంతకుముందు గడియారాల మ్యూజియం. ఇంట్లో కూర్చుంటే ఈయన మొహం ఈయనా, నా మొహం నేనూ ఎంతసేపని చూసుకుంటాం?”

“మంచి పని జేస్తున్నరు బిడ్డా.” రత్నకుమారి ఆమె చేతిని వదలకుండానే కమలాకర్ వైపు తిరిగింది. “పరామర్శకు మ్యూజియానికి పిలిచినవా నాయనా?”

శ్రావ్య “అత్తమ్మా” అంది మెల్లగా.

“అదేం లేదు పిన్నిగారూ. ఇంటికి రావాలనే ఉంది. ముందు లాక్‌డౌన్, తర్వాత…”

“తర్వాత?”

కమలాకర్ ఫోన్లో టికెట్లు వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు.

*

లోపల మెట్లు కిర్రుమన్నాయి. ఒక్కో గదిలోకి ఒక్కో కుటుంబమే వెళ్ళాలని రాసి ఉంది. అయినా శనివారం పూట ఆ ఇంట్లో వీళ్ళు తప్ప ఎవరూ లేరు. టికెట్ల దగ్గరి పెద్దావిడ చూసీ చూడనట్టు ఊరుకుంది.

కమలాకర్ ప్రతి చీటీనీ చదివి తెలుగు చేసి చెప్పాడు. ఇది వేర్లు దంచే రోలు. ఇవి గనుల్లో పనిచేసేవాళ్ళ దగ్గుకు ఇచ్చిన గుళికల అచ్చులు. చెప్పడం అతనికి వచ్చు. వ్రతకథ చెప్పినంత స్పష్టంగా, ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు. ఆ గొంతు వింటుంటే రత్నకుమారి పళ్ళు బిగుసుకున్నాయి. మాస్కు ఉండటం మంచిదైంది.

పడకగదిలో మంచం పొట్టిగా ఉంది.

“ఆ రోజుల్లో దిళ్ళకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవారట. వెల్లకిలా పడుకుంటే శవంలా ఉంటామని భయం” అన్నాడు కమలాకర్.

“మావాణ్ణి దవాఖానల బోర్లా పడుకోబెట్టిండ్రట” అంది రత్నకుమారి. “నేను సూడలే. ఎవ్వర్ని సూడనియ్యలే గద. డాక్టరమ్మ ఫోన్ల జెప్తుంటే శ్రావ్య నాకు తెలుగు జేసింది. నువ్విప్పుడు జేస్తున్నవ్ సూడు, గట్లనే.”

భానుప్రియ కళ్ళు తుడుచుకుంది. కమలాకర్ పక్క గదిలోకి నడిచాడు.

పక్క గది నిండా బొమ్మలే. ఇంటి యజమాని, భార్య, వరుసగా పిల్లలు, తెల్ల కాలర్లతో బిగుసుకుని నిలబడ్డారు. కొందరు పిల్లల తలల మీద వేలెడంత శిలువ గీసి ఉంది.

“అంకుల్, ఆ ప్లస్ ఎందుకు?” అని అడిగింది ఆద్య.

కమలాకర్ చీటీ వైపు చూశాడు. గడగడా చదివే మనిషి ఇక్కడ తడబడ్డాడు. “వాళ్ళు… బొమ్మ వేసేటప్పటికే లేరన్నమాట. అయినా వాళ్ళని వదలకుండా అందరితో పాటు వేశారు.”

“అయితే మా బొమ్మ వేస్తే పాపా మీద వేస్తారా?”

శ్రావ్య పిల్ల భుజం మీద చెయ్యి వేసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

రత్నకుమారి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. కోడలు తిరిగి పక్కకు వచ్చాక, ఆమెకు మాత్రమే వినపడేలా అంది: “సచ్చినోళ్ళకు గుర్తు వెట్టిండ్రు. సంపినోళ్ళకు వెట్టలే.”

శ్రావ్య ఆమె మోచేయి పైన గట్టిగా గిల్లింది. అరవకుండా తట్టుకుంది రత్నకుమారి.

*

పెరట్లో లిండెన్ చెట్టు కింద ఒక పొడవాటి బల్ల వేసి ఉంది. దాని మీద మూతలున్న తగరపు డబ్బాలు. వాసన చూసి లోపలున్న దినుసు ఏమిటో చెప్పాలి. సరైన పేరు మూత లోపల ఉంటుంది. ఇదివరకు లోపలి దుకాణంలోనే ఉండేదని, కరోనా వచ్చాక బయట గాలిలోకి మార్చామని, ఇక్కడ మాస్కు దించుకోవచ్చని, ముందు చేతులు శుభ్రం చేసుకోమని టికెట్లావిడ చెప్పి వెళ్ళింది.

ఆద్యకు అది ఆట. డబ్బా తర్వాత డబ్బా తీసింది. సోంపు చెప్పింది, లవంగం చెప్పింది. ఇంకోటి తీసి కళ్ళు పెద్దవి చేసి, నానమ్మను వంగమని చెవిలో ఊదింది, “హారతి!”

రత్నకుమారి చేతికి డబ్బా తీసుకుంది. కర్పూరం. కళ్ళు మూసుకోబోయి ఆగింది.

“సెప్పకు” అంది మనవరాలితో. “అంకుల్‌ను అడుగుదాం. పంతులు గద. అన్ని ఎరికుంటయ్.”

“అత్తమ్మా, టైమ్ అయిపోతోంది, పదండి” అంది శ్రావ్య.

“ఆట బిడ్డా. పిల్ల ఆట.” డబ్బా కమలాకర్ ముందుకు చాపింది. “సూడు నాయనా.”

కమలాకర్ మాస్కు దించాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ మొహం పూర్తిగా చూసింది రత్నకుమారి. గడ్డం నెరిసింది. అతను డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా పీల్చి, చాలా బాగుందన్నట్టు తలాడించాడు.

“లవంగం కదూ?”

“ఫాల్ష్! తప్పు!” ఆద్య ఎగిరి గంతేసింది. “అంకుల్‌కి హారతి తెలీదు! అంకుల్‌కి హారతి తెలీదు!”

భానుప్రియ పకపకా నవ్వింది. “చెప్పా కదా శ్రావ్యా! పంతులుగారికి కర్పూరం కూడా తెలీదిప్పుడు.”

శ్రావ్య నవ్వలేదు. పిల్ల చేతికి ఏదో నూనె అంటిందని, కడగాలని, లాక్కున్నట్టే లోపలికి తీసుకెళ్ళింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అత్తగారి వైపు ఒక్క చూపు చూసింది. వద్దు అని అంతకన్నా గట్టిగా నోటితో చెప్పలేరు ఎవరూ.

రత్నకుమారి డబ్బా మూత పెట్టింది.

“ఎప్పటి సంది నాయనా ముక్కు?”

“చాలా రోజులైందండీ.”

“చాలా అంటే? వ్రతానికి ముందా, తర్వాతనా?”

ఇంత సూటిగా అడుగుతుందని అతను అనుకోలేదు. భార్య వైపు చూశాడు, చెట్టు వైపు చూశాడు. తర్వాత, అప్పుడే తోచినట్టు అన్నాడు:

“తర్వాతేనండీ. మీ ఇంటి నుంచి వచ్చాకే. నేనెప్పుడూ అనలేదు గానీ పిన్నిగారూ… నాకూ అక్కడే అంటుకుని ఉంటుంది. శ్రీచరణ్ యూనివర్సిటీకి వెళ్ళొస్తుండేవాడు కదా, ల్యాబులో నలుగురూ… పోయినవాడి గురించి ఎందుకని ఊరుకున్నాను.”

రత్నకుమారి బల్ల అంచు పట్టుకుంది. నేరం ఒప్పుకుంటాడేమో, లేదా తెలియదంటాడేమో అనుకుంది. చచ్చిన కొడుకు నెత్తిన పెడతాడని అనుకోలేదు.

దుకాణంలో అయితే ఇలాంటివాణ్ణి మెడ పట్టి గెంటేది. గెంటలేదు. భానుప్రియ వైపు తిరిగి, మామూలు గొంతుతో అంది:

“నువ్వన్న రాకపోతివి బిడ్డా, మంచిదైంది. ఆ దినం బయట ఉంటివట గద.”

“నేనా?” అంది భానుప్రియ.

“గట్లనే అన్నడు మీ ఆయన. భానుకు కుదరలేదు, ఆడవాళ్ళ ఇబ్బంది అన్నడు. వ్రతానికి గసొంటప్పుడు ఎట్లొస్తరు? మేం మల్ల అడగలే.”

“భానూ, మనం కారు పార్కింగ్ టైమ్…” అన్నాడు కమలాకర్.

“ఇబ్బందేంటి?” భానుప్రియ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఏదో పొరపాటు మాట సరిచేస్తున్నట్టుగానే చెప్పింది. “నాకు జ్వరం కదా పిన్నిగారూ. చిన్న గదిలో పడి ఉన్నాను. ఈయన తలుపు దగ్గర కంచం పెట్టి వెళ్ళేవారు. మీకు తెలుసు కదా అదంతా. శ్రీచరణ్‌కి ఫోన్ చేసి చెప్పానన్నారు, ‘పర్లేదు రా, మొక్కు ఆపొద్దు’ అన్నాడని…”

అక్కడ ఆగింది. భర్త వైపు తిరిగింది.

“చెప్పారు కదండీ?”

కమలాకర్ మాస్కు పైకి లాక్కున్నాడు.

“చెప్పారా లేదా?”

“నాకు జ్వరం లేదు భానూ. దగ్గు లేదు. ముక్కు ఒక్కటే. జలుబనుకున్నా. అందరినీ పిలుచుకున్నాం, పీట వేశాం అని వాడు ఫోన్ చేస్తే ఎలా కాదనను? నేను తప్ప చేయించేవాళ్ళు ఎవరున్నారు ఇక్కడ?” రత్నకుమారి వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించాడు. “పిన్నిగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. శ్రావ్యకి చెప్పకండి. సోమవారం ఆ అమ్మాయి సంతకం పెట్టాలి. తనకోసమే చెప్తున్నాను. మేనేజ్‌మెంట్‌తో ఎంత కొట్లాడి తెచ్చానో ఆ ఉద్యోగం.”

“ఎందుకు కొట్లాడినవో ఇప్పుడు సమజైంది” అంది రత్నకుమారి.

ఇంతకాలం దాచుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. నోరు తెరిచింది. అప్పుడు చూసింది, గుమ్మంలో శ్రావ్యను.

ఎప్పుడొచ్చిందో తెలియదు. పిల్ల పక్కన లేదు, లోపల పోస్టుకార్డులు ఏరుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. శ్రావ్య చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. ఎంత వింది? రత్నకుమారి గబుక్కున అంది, “ఏం లేదు బిడ్డా, ఊకెనే మాట్లాడుకుంటున్నం.” పొద్దున్నుంచి ఏ మాట కోసం వచ్చిందో ఆ మాటనే ఇప్పుడు తన ఒంటితో అడ్డం నిలబడి దాచాలనిపించింది ఆమెకు.

శ్రావ్య ఆమెను దాటి వచ్చింది.

“వదినా, మీకు జ్వరం ఏ రోజు మొదలైంది?”

“భానూ” అన్నాడు కమలాకర్.

“గురువారం” అంది భానుప్రియ. అతని వైపు చూడలేదు. “శుక్రవారం టెస్టుకిచ్చాను. ఆదివారం పొద్దున్నే పాజిటివ్ అని ఫోనొచ్చింది. ఈయన అప్పటికింకా బయల్దేరలేదు శ్రావ్యా. పట్టుపంచె ఇస్త్రీ చేసుకుంటున్నారు.”

లిండెన్ పూలు బల్ల మీద రాలుతున్నాయి. ఎవరూ దులపలేదు.

శ్రావ్య ఏడుస్తుందనుకుంది రత్నకుమారి. అరుస్తుందనుకుంది. పట్టుకోవడానికి ఒక అడుగు ముందుకు కూడా వేసింది. శ్రావ్య చేతులు కుర్తాకు తుడుచుకుని, మాస్కు సరిచేసుకుని, ముక్కు మీద తీగను రెండు వేళ్ళతో నొక్కింది.

“సోమవారం ఎన్నింటికి రమ్మన్నారు అన్నా?”

కమలాకర్‌కు అర్థం కాలేదు. “ఏంటమ్మా?”

“కాంట్రాక్ట్. సంతకం. ఎన్నింటికి?”

“ప… పదింటికి.”

“వస్తాను. రేపు సాయంత్రానికే దిగుతాం. అత్తమ్మ, ఆద్య కూడా వస్తారు. ఇల్లు దొరికేదాకా మీ ఇంట్లోనే ఉంటాం.” ఆ గొంతులో కోపం లేదు, వణుకు కూడా లేదు. కూరగాయల ధర చెప్తున్నట్టుగా ఉంది. “పరామర్శకు మీరు రాలేకపోయారు కదా. శ్రీచరణ్ ఫోటో తీసుకుని మేమే వస్తాం.”

పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఈ పిల్లను ఎరుగుదునని అనుకునేది రత్నకుమారి. మాస్కు పైన కనిపిస్తున్న ఆ రెండు కళ్ళూ ఎవరివో పోల్చుకోలేకపోయింది.

“ఇల్లు చిన్నదమ్మా… మీకు ఇబ్బంది…” అంటున్నాడు కమలాకర్.

“రా శ్రావ్యా” అంది భానుప్రియ, అతని మాట పూర్తి కాకముందే. “మీరొచ్చేదాకా ఈయన్ని నేను ఎక్కడికీ కదలనివ్వను.”